తడ దాటితే శిబిరం, ఢిల్లీలో లేని చట్టం

తిరుపతి నుంచి శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా చెన్నై బస్సెక్కితే తడతో మన జిల్లా అయిపోతుంది. ఆ వెంటనే వచ్చే గుమ్మిడిపూండిలో శ్రీలంక తమిళుల శిబిరం దశాబ్దాలుగా ఉంది. ఇటు చిత్తూరు నుంచి గంట దూరంలో వేలూరు కోట. అందులోని టిప్పు మహల్‌ను ఒకప్పుడు శ్రీలంక తమిళ సాయుధ సంస్థ ఎల్టీటీఈ అనుమానితుల ‘ప్రత్యేక శిబిరం’గా వాడారు. 1995 ఆగస్టులో 43 మంది అక్కడి నుంచి సొరంగం తవ్వుకుని తప్పించుకున్నారు. చిత్తూరు నుంచి రాణిపేట మీదుగా చెన్నై వెళ్లే రోడ్డు మీదే శ్రీపెరుంబుదూరు ఉంది. 1991 మే 21న రాజీవ్ గాంధీని హత్య చేసింది అక్కడే. పొరుగు దేశంలో జరిగిన యుద్ధం మన గుమ్మం దాకా ఎలా వస్తుందో తెలుసుకోవడానికి ఈ జిల్లాలవాళ్లు సిరియా దాకా చూడనక్కర్లేదు.

తిరుపతిలో సివిల్స్‌కూ గ్రూప్-1కూ చదివే పిల్లలకు ‘శరణార్థులు, అంతర్గత భద్రత’ అనేది తప్పనిసరి అంశం. దాని మీద రాసే వ్యాసాల్లో ఎక్కువ భాగం దయ ఒకవైపు, భద్రత ఇంకోవైపు పెట్టి, చివర్లో ‘సమతుల్యం పాటించాలి’ అని ముగిస్తాయి. ఆ చీలికే తప్పని నా వాదన. శిబిరం ఎప్పుడు, ఎలా ప్రమాదకరంగా మారుతుందో గత 45 ఏళ్ల అనుభవం చూపించింది. చాలాచోట్ల మూలం ఒకటే. వచ్చినవాళ్లను ప్రభుత్వం తానే లెక్కపెట్టలేదు, తానే కాగితం ఇవ్వలేదు, తానే తిండి పెట్టలేదు. ఆ పని ఇంకెవరో చేశారు. వాళ్ల చేతుల్లో తుపాకులున్నాయి.

ముందు లెక్కలు చూద్దాం. 2024 చివరికి ప్రపంచంలో ఇల్లు వదిలి పారిపోవాల్సి వచ్చినవాళ్లు 12.32 కోట్ల మంది. వీళ్లలో 7.35 కోట్ల మంది సొంత దేశంలోనే ఇంకోచోట తలదాచుకుంటున్నారు. దేశం దాటిన శరణార్థులు 4.27 కోట్లు. సరిహద్దు దాటినవాళ్లలో మూడింట రెండు వంతుల మంది పక్క దేశంలోనే ఆగిపోతారు. నూటికి 73 మందికి చోటిస్తున్నవి పేద, మధ్యాదాయ దేశాలు. యూరప్‌కు జనం పోటెత్తుతున్నారన్న వార్తలు ఎన్ని చదివినా, బరువు మోస్తున్నది చాద్, ఉగాండా, బంగ్లాదేశ్ లాంటి దేశాలే. యుద్ధం ఎక్కడుంటే దాని పక్కింటి మీదే భారం పడుతుంది. ఆ పక్కిల్లు కూడా అంతంతమాత్రంగా ఉంటే, మంట అక్కడికీ పాకుతుంది.

అలా పాకిన మంటకు గోమాను మించిన ఉదాహరణ లేదు. 1994 జులైలో రువాండా మారణహోమం చేసిన ప్రభుత్వం ఓడిపోయింది. అయిదు రోజుల్లో సుమారు పది లక్షల మంది సరిహద్దు దాటి జైర్‌లోని గోమా చుట్టూ చేరారు. జైర్ అంటే ఇప్పటి కాంగో. ఆ నేల గడ్డకట్టిన లావా. మరుగుదొడ్లకు గుంట తవ్వలేకపోయారు, శవాలు పూడ్చడానికీ వీలు కాలేదు. కలరా, రక్త విరేచనాలతో కొద్ది వారాల్లోనే దాదాపు 50 వేల మంది చనిపోయారు. ప్రపంచం చూసింది ఆ చావులనే. డబ్బు, మందులు పంపింది కూడా వాటి కోసమే. కానీ అదే గుంపులో ఓడిన సైన్యం ఉంది. ఊచకోత కోసిన ఇంటరహాంవే మిలీషియా ఉంది. పాత మేయర్లు, పాత అధికారులు ఉన్నారు. శిబిరాలు సరిహద్దుకు కూతవేటు దూరంలో వెలిశాయి. పాత ఊరు ఏదో ఆ ఊరి పేరుతోనే గుడారాల వరుసలు కట్టారు, పాత మేయరే మళ్లీ పెద్ద అయ్యాడు. సహాయ సంస్థలకు తీరిక లేదు, పది లక్షల పేర్లు రాసుకునేంత మనుషులూ లేరు. అందుకే ‘మీ వాళ్లకు మీరే పంచండి’ అని బియ్యం, పప్పు, నూనె ఆ పెద్దల చేతికే ఇచ్చారు.

ఇక్కడ జరిగిన తప్పేమిటో అంకెల్లో పెట్టి చూస్తే బాగా అర్థమవుతుంది. 50 వేల మంది ఉన్న శిబిరాన్ని ఊహించండి. మనిషికి రోజుకు 2,100 కేలరీలు ఇవ్వాలన్నది ప్రమాణం. అందులో ధాన్యం వాటా 400 గ్రాములనుకుంటే రోజుకు 20 టన్నులు. నీళ్లు మనిషికి 15 లీటర్ల చొప్పున ఏడున్నర లక్షల లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు రోజుకు 150 ట్రిప్పులు తిరగాలి. ఇరవై మందికి ఒక మరుగుదొడ్డి లెక్కన 2,500 మరుగుదొడ్లు. ఇప్పుడు పంపిణీ చేసే పెద్ద 50 వేలకు బదులు 60 వేల పేర్లు రాశాడనుకోండి. రోజుకు నాలుగు టన్నులు, నెలకు 120 టన్నులు మిగులుతాయి. ఆ మిగులు బజారులో డబ్బవుతుంది, డబ్బు తూటాలవుతుంది. ఎదురు మాట్లాడిన కుటుంబానికి ఆ వారం రేషన్ అందదు. స్వదేశానికి తిరిగి పోతానన్నవాడు తెల్లారేసరికి శవమై ఉంటాడు. మన పల్లెల్లో స్టోరు బియ్యం కార్డు ఇప్పించే అధికారం ఒక్క పార్టీ నాయకుడి చేతిలోనే ఉంటే ఓట్లు ఏమవుతాయో మనకు తెలుసు కదా. అక్కడ ఓటు స్థానంలో ప్రాణం ఉంది.

ఈ సంగతి గ్రహించినవాళ్లు లేకపోలేదు. సరిహద్దులు లేని వైద్యుల సంస్థ ఫ్రెంచి విభాగం 1994 నవంబర్‌లో ఆ శిబిరాల నుంచి తప్పుకుంది. సాయుధులను వేరు చేయడానికి సైన్యాలు పంపమని ఐక్యరాజ్యసమితి దాదాపు 40 దేశాలను అడిగితే ఒక్కటే ముందుకొచ్చింది. చివరికి ఐక్యరాజ్యసమితి శరణార్థుల హైకమిషనర్ కార్యాలయం జైర్ సైనికులు 1,500 మందికి జీతాలిచ్చి కాపలా పెట్టింది. వాళ్లు దొంగతనాలు తగ్గించారు కానీ సాయుధులను, సామాన్యులను విడదీయడం వాళ్ల వల్ల కాలేదు. 1996 చివర్లో రువాండా సైన్యం, దాని మద్దతున్న తిరుగుబాటుదారులు శిబిరాల మీద పడ్డారు. జైర్‌ను ఏలుతున్న మోబుటు ప్రభుత్వం 1997 మేలో కూలింది, 1998లో ఇంకో యుద్ధం మొదలైంది. ఆ పాత సైన్యం శేషమే తర్వాత ఎఫ్‌డీఎల్ఆర్ అనే సాయుధ ముఠా అయింది. దాని పేరు చెప్పే రువాండా ఈనాటికీ కాంగోలో జోక్యాన్ని సమర్థించుకుంటోంది. 2025 జనవరిలో రువాండా మద్దతున్న ఎం23 తిరుగుబాటు దళాలు పట్టుకున్నది ఆ గోమా నగరాన్నే. 1994లో మూడు నెలల్లో పూర్తిచేయాల్సిన వేరు చేసే పని జరగకపోవడానికి ముప్ఫై ఏళ్లుగా మూల్యం కడుతున్నారు.

పెషావర్‌లో ఇదే పని తెలిసి చేశారు. 1980ల్లో పాకిస్తాన్‌కు వచ్చిన అఫ్గాన్ శరణార్థి రేషన్ పుస్తకం కోసం అక్కడున్న ఏడు ముజాహిదీన్ సాయుధ పార్టీల్లో ఏదో ఒకదాంట్లో పేరు రాయించుకోవాలి. ఆకలితో వచ్చినవాడు పార్టీ మనిషయ్యాడు, వాడి కొడుకు ఆ పార్టీ బడిలో చదివాడు. ఆ పార్టీల్లో ఎవరికి ఎంత ఇవ్వాలో ఐఎస్ఐ చూసుకుంది. ఆనాడు శరణార్థులను ఆయుధంగా వాడుకున్న దేశమే 2023 నవంబర్ నుంచి వాళ్లను లక్షల సంఖ్యలో వెనక్కి తోలుతోంది.

అందుకే శిబిరం సరిహద్దుకు కనీసం 50 కిలోమీటర్ల లోపలికి ఉండాలన్నది శరణార్థుల పనిలో పాత నియమం. 1969 ఆఫ్రికా ఒప్పందం కూడా సరిహద్దుకు తగినంత దూరంలోనే ఉంచాలంటుంది. పంపిణీ విషయంలో గోమా నేర్పిన పాఠాలు ఇంకా నిర్దిష్టమైనవి. అన్ని శిబిరాల్లో ఒకే రోజు, ఒకే వేళకు తలలు లెక్కపెట్టాలి, లేకపోతే ఒకడే రెండు చోట్ల లేస్తాడు. కార్డు కుటుంబం పేర ఉండాలి, వీలైతే ఇంటావిడ పేర. తూకం అందరి ముందు జరగాలి. ఎంత ఇవ్వాలో బోర్డు మీద వాళ్ల భాషలో రాసి పెట్టాలి. ఫిర్యాదు తీసుకునే బల్ల దగ్గర శిబిరం పెద్దలు నిలబడకూడదు. వేలిముద్రల యంత్రం ఇందులో ఒక్క భాగమే. అది దొంగ పేర్లను ఆపుతుంది తప్ప బియ్యం మూటను దారిలో లాక్కునేవాణ్ని ఆపదు.

ఇంకో తప్పుంది, అది నెమ్మదిగా చంపుతుంది: పని చేసుకోనివ్వకపోవడం. 2017 ఆగస్టు 25 తర్వాత ఏడు లక్షలకు పైగా రోహింగ్యాలు మయన్మార్ నుంచి బంగ్లాదేశ్‌కు వచ్చారు. తానే ఇరుకున ఉన్న ఆ దేశం వాళ్లను ఆదుకున్న తీరు గొప్పది. కానీ తర్వాత శిబిరాల చుట్టూ ముళ్లకంచె వచ్చింది, చట్టబద్ధంగా పనికి అనుమతి లేదు. అలాంటి చోట రేషన్‌కు డబ్బు చాలక 2023లో మనిషికి నెలకు 12 డాలర్ల నుంచి 10కి, తర్వాత 8కి తగ్గించారు. 8 డాలర్లంటే రోజుకు 27 సెంట్లు. కంచె లోపల, పని లేకుండా, అర్ధాకలితో ఉన్న పద్దెనిమిదేళ్ల కుర్రాడి దగ్గరికి సాయుధ ముఠా వచ్చి డబ్బిస్తానంటే ఏమవుతుందో అక్కడ జరుగుతూనే ఉంది. శాంతియుతంగా స్వదేశానికి పోదామన్న రోహింగ్యా నాయకుడు మొహిబుల్లాను 2021 సెప్టెంబర్‌లో శిబిరంలోనే కాల్చి చంపారు. రేషన్‌లో మిగుల్చుకున్న నాలుగు డాలర్ల కంటే తర్వాత పోలీసు కాపలాకు ఎక్కువ ఖర్చవుతుంది. దాతలు ఈ మాట వినిపించుకోవడం లేదు.

ఉగాండా దీనికి ఎదురు దారి పట్టింది. 2006 చట్టంతో శరణార్థికి పని చేసుకునే హక్కు, తిరిగే హక్కు ఇచ్చింది, సాగు చేసుకోవడానికి చిన్న చెక్క భూమి ఇస్తుంది. శరణార్థుల కోసం వచ్చే సాయంలో 30 శాతం స్థానికులకు దక్కాలన్న నియమం పెట్టుకుంది. దీనికీ లోపాలున్నాయి. జనం పెరిగేకొద్దీ ఇచ్చే చెక్క చిన్నదవుతోంది, వంట కట్టెల కోసం చెట్లు పోతున్నాయి, లెక్కల్లో దొంగ పేర్లు కూడా బయటపడ్డాయి. అయినా స్థానికుడి చెరువుకూ బడికీ వాటా పెట్టాలన్న ఆలోచన నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది. వచ్చినవాళ్లకు తిండి దొరుకుతుంటే పక్క ఊరి కూలివాడికి దొరకని చోట, మొదటి రాయి వేసేది ఆ కూలివాడే.

ఇక మన దేశం. భారత్ 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు, దానికి అనుబంధమైన 1967 ప్రోటోకాల్‌లోనూ చేరలేదు. శరణార్థుల కోసం విడిగా చట్టం లేదు. 2025 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం పాత చట్టాలు నాలుగింటిని కలిపేసింది, కానీ అందులోనూ శరణార్థి ఎవరో చెప్పే నిర్వచనం లేదు. కాబట్టి ప్రాణభయంతో వచ్చినవాడూ, వీసా గడువు దాటినా ఉండిపోయినవాడూ చట్టం కంటికి ఒకటే. తేడా చూపించేది ఎప్పటికప్పుడు వచ్చే ప్రభుత్వ ఉత్తర్వులు. 1959 తర్వాత వచ్చిన టిబెటన్లకు కర్ణాటకలోని బైలకుప్పెలో భూములిచ్చారు, నమోదు పత్రాలిచ్చారు. శ్రీలంక తమిళులకు శిబిరాలు, నెలవారీ భత్యం ఇచ్చారు. రోహింగ్యాలకు హైకమిషనర్ కార్యాలయం ఇచ్చిన కార్డుంది, దాన్ని మన ప్రభుత్వం లెక్కలోకి తీసుకోదు. హైదరాబాద్ బాలాపూర్ బస్తీల్లో బతుకుతున్నది ఆ కార్డుతోనే. 2019 పౌరసత్వ సవరణ మూడు దేశాల నుంచి 2014 డిసెంబర్ 31లోపు వచ్చిన ఆరు మతాలవాళ్లకు దారి తెరిచింది. ఆ మూడింట్లో శ్రీలంక లేదు.

పిల్లల సంగతి మరీ చిక్కు. 1987 జులై 1కి ముందు ఈ గడ్డ మీద పుట్టినవాళ్లు పుట్టుకతోనే పౌరులు. 1986లో రామేశ్వరం దగ్గరి మండపం శిబిరంలో పుట్టిన ఒక మహిళకు పాస్‌పోర్టు ఇవ్వాలని మద్రాసు హైకోర్టు 2022లో చెప్పింది ఈ లెక్కనే. ఆ తేదీ తర్వాత తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులై ఉండాలి. 2004 డిసెంబర్ 3 తర్వాతైతే రెండో వాళ్లు అక్రమ వలసదారు కూడా కాకూడదు. కాబట్టి 2005లో శిబిరంలో ఇద్దరు శరణార్థులకు పుట్టి, తమిళనాడు బడిలో చదివి, డిగ్రీ పూర్తిచేసిన పిల్ల ఏ దేశం పౌరురాలో తేలదు. జనన ధ్రువపత్రం ఉండొచ్చు, జనన నమోదు చట్టం జాతీయత అడగదు. కానీ అది పౌరసత్వం కాదు. పక్కనే శ్రీసిటీలో ఫ్యాక్టరీలున్నా, ఆ కార్డు చూసి చట్టం ఏమంటుందోనని యజమాని వెనకాడతాడు.

‘రాజీవ్‌ను చంపినవాళ్లు శరణార్థుల్లో కలిసే వచ్చారు కదా’ అన్న ప్రశ్న న్యాయమైనది, దాటేయకూడదు. ఆ కేసులో శిక్ష పడినవాళ్లలో కొందరు 1990లో శరణార్థులుగా ఒడ్డు దిగినవాళ్లే. హత్య చేసిన దళం మాత్రం 1991 మే 1న తమిళనాడు తీరంలోని కోడియక్కరై దగ్గర రహస్యంగా దిగింది, ఏ శిబిరంలోనూ పేరు రాయించుకోలేదు. అంతకుముందు ఏళ్లలో మన ప్రభుత్వమే శ్రీలంక తమిళ సాయుధ సంస్థలకు శిక్షణ ఇచ్చింది. సాయుధుడికీ సామాన్యుడికీ మధ్య గీత చెరిపింది మనమే. హత్య తర్వాత శిక్ష పడింది మాత్రం శిబిరాల మీద. కాలేజీ సీట్లలో వెసులుబాటు ఆగింది, స్వచ్ఛంద సంస్థలను లోపలికి రానివ్వలేదు. 1992 నుంచి వేలమందిని తిరిగి పంపారు. అది నిజంగా ఇష్టపూర్వకమేనా అని చూడడానికి హైకమిషనర్ కార్యాలయం ఆ ఏడాది మద్రాసులో అడుగుపెట్టాల్సి వచ్చింది. నమోదైనవాణ్ని బిగించడం సులువు, నమోదు కానివాణ్ని పట్టుకోవడం కష్టం. పోలీసు యంత్రాంగం సహజంగా సులువైన పని వైపే మొగ్గుతుంది. వేలూరు సొరంగం కూడా ఇదే చెబుతుంది. సాయుధులను విడిగా ఉంచడం సరైన పనే, కానీ విచారణ లేకుండా, గడువు లేకుండా ఉంచితే అది జైలూ కాదు, శిబిరమూ కాదు.

1951 ఒప్పందం మెతకదన్న అపోహ కూడా ఉంది. యుద్ధ నేరాలు, మానవత్వంపై నేరాలు చేసినవాళ్లకు ఆ ఒప్పందం శరణు ఇవ్వదు, మొదటి అధికరణలోనే వాళ్లను బయట పెడుతుంది. బలవంతంగా వెనక్కి పంపకూడదనే 33వ అధికరణ కూడా దేశ భద్రతకు ప్రమాదమైనవాడికి వర్తించదు. ఆ మినహాయింపులు వాడుకోవాలంటే మనిషిని ఒక్కొక్కరిగా విచారించే ఏర్పాటు ఉండాలి. మన దగ్గర లేనిది అదే. చట్టం చేస్తే జనం ఎగబడతారన్న భయానికి 1971 సమాధానం. ఏ శరణార్థి చట్టమూ లేని రోజుల్లో దాదాపు కోటి మంది తూర్పు బెంగాల్ నుంచి వచ్చారు. వాళ్ల కోసం ఉత్తరాల మీద అయిదు పైసల అదనపు స్టాంపు అంటించాం. ఫిరంగి తరుముతుంటే ఎవరూ చట్టం చూసి దేశాన్ని ఎంచుకోరు. డిసెంబర్‌లో యుద్ధం ముగిశాక కొద్ది నెలల్లోనే దాదాపు అందరూ వెళ్లిపోయారు, వెళ్లడానికి ఒక దేశం ఏర్పడింది కాబట్టి.

పోవడానికి చోటుందని తెలిస్తే పక్క దేశం తలుపు తీస్తుంది. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు మన రాయలసీమవాళ్లు సహా లక్షకు పైగా భారతీయులను అమ్మాన్ నుంచి విమానాల్లో తెచ్చారు. ఎడారి దాటి వచ్చిన ఆ జనాన్ని జోర్డాన్ రానిచ్చింది, వాళ్లు ఇళ్లకు పోతారన్న నమ్మకం ఉంది కాబట్టి. వియత్నాం నుంచి పడవల్లో పారిపోయినవాళ్ల విషయంలోనూ అంతే. మలేసియా పడవలను సముద్రంలోకి నెట్టేస్తుంటే, 1979లో జెనీవాలో పాశ్చాత్య దేశాలు 2,60,000 మందిని తీసుకుంటామన్నాక ఒడ్డు తెరుచుకుంది. 1989 సమగ్ర కార్యాచరణతో కటాఫ్ తేదీలు పెట్టి, ఒక్కొక్కరినీ విచారించి, అర్హులను పంపి, మిగతావాళ్లను పర్యవేక్షణలో వెనక్కి చేర్చారు. హాంకాంగ్ నుంచి బలవంతపు తరలింపులు, కొన్నిచోట్ల లంచాలు దానికి మచ్చ. అయినా ప్రాంతీయ సమస్యకు ప్రాంతమంతా కూర్చుని రాసుకున్న ఒప్పందం పనిచేస్తుందనడానికి అదే సాక్ష్యం. ఎస్వీ యూనివర్సిటీలోని ఆగ్నేయాసియా, పసిఫిక్ అధ్యయన కేంద్రం లాంటి చోట్ల ఈ అనుభవం మీద తెలుగులో రాయించి, రోహింగ్యాలకూ మిజోరంలోని చిన్ శరణార్థులకూ ఏది వర్తిస్తుందో చర్చ పెట్టాలి. 2021 ఫిబ్రవరి సైనిక తిరుగుబాటు తర్వాత మయన్మార్ నుంచి వచ్చిన చిన్ ప్రజలను కేంద్రం వద్దన్నా మిజోరం ఆదరించింది. పక్క మణిపూర్‌లో అదే రాకపోకలు 2023 మే తర్వాత జాతి వైరానికి ఇంధనమయ్యాయి. 1,643 కిలోమీటర్ల సరిహద్దు మీద రెండు రాష్ట్రాలు రెండు విధానాలతో నడుస్తున్నాయంటే, దేశానికి విధానం లేనట్టే.

చట్టంలో ఏముండాలో ఇదివరకే కసరత్తు జరిగింది. జస్టిస్ పి.ఎన్. భగవతి నేతృత్వంలో నమూనా చట్టం తయారైంది, శశి థరూర్ లోక్‌సభలో ప్రైవేటు బిల్లు పెట్టారు. నా దృష్టిలో తప్పనిసరి అంశాలు ఇవి. శరణు అడిగిన రోజే రసీదు, కొద్ది రోజుల్లో ఫొటో, వేలిముద్రలు. సరిహద్దు దగ్గర ఆయుధాలు తీసుకుని వేరు చేసే పని సైన్యానిది, శరణార్థి అవునో కాదో తేల్చే పని సివిల్ అధికారిది. జిల్లాలో ఇప్పుడు విదేశీయుల నమోదు ఎస్పీ చేతిలో ఉంది. కనిపెట్టేవాడూ కాగితం ఇచ్చేవాడూ ఒకడే అయితే భయపడి జనం రారు. ఆరు నెలల్లో తీర్పు, పైన అప్పీలు. మినహాయింపు కింద ఆపినవాళ్లను కోర్టు నిర్ణీత గడువుల్లో చూడాలి. కార్డు మీద పని, బడి, బ్యాంకు ఖాతా, సిమ్ హక్కులు రాసి ఉండాలి. ఖాతా ఉన్నవాడి డబ్బు కనిపిస్తుంది, హవాలా డబ్బు కనిపించదు. శిబిరం ఉన్న మండలానికి నీళ్లకూ ఆసుపత్రికీ నిధుల్లో వాటా ఉండాలి.

ఇదంతా అయ్యేదాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది. 2025 చట్టం కింద కేంద్రం ఇచ్చిన మినహాయింపు ఉత్తర్వు, 2015 జనవరి 9లోపు వచ్చి నమోదైన శ్రీలంక తమిళులకు పత్రాలు లేనందుకు పడే శిక్ష తప్పించింది. పార్లమెంటు దాకా పోకుండా ఒక్క ఉత్తర్వుతోనే అది జరిగింది. ఇతర శరణార్థులకు దీర్ఘకాలిక వీసా ఇవ్వడానికి 2011లో హోం శాఖ రాసుకున్న పద్ధతి కూడా ఉత్తర్వే. ఈ రెండింటినీ కలిపి, నమోదైన ప్రతి శ్రీలంక తమిళుడికీ, ఇక్కడే పుట్టిన వాళ్ల పిల్లలకూ దీర్ఘకాలిక వీసా, ప్రైవేటు ఉద్యోగానికి అనుమతి ఇస్తూ ఇంకో ఉత్తర్వు రాయొచ్చు. వాళ్ల పేర్లు, చిరునామాలు దశాబ్దాలుగా ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి.